రెండు గేట్ల నడుమ

రంజాన్ నెల చివరి వారం, జూన్ ఎండ. దోహా నుంచి సౌదీ అంచున ఉన్న అబూ సమ్రా సరిహద్దుకు వెళ్తున్న కంపెనీ కారులో ఇద్దరు: కూలీల క్యాంపు చూసే ఆఫీసు అధికారి, ఆ క్యాంపులో ఉండే రాజనర్సు.

"అన్న ఫోన్ ఎత్తుతలేడు సార్."

"ఎన్నిసార్లు చేశావు?"

"క్యాంప్ కాడ కారెక్కిన కాడికెల్లి ఏడుసార్లు."

"మరి ఎలా ఎత్తుతాడయ్యా? రెండు రోజుల నుంచి ఎడారిలో నడుస్తున్నాడు, బ్యాటరీ దాచుకుంటూ ఉంటాడు. నువ్విలా మోగిస్తూ ఉంటే ఆ ఉన్నదీ అయిపోతుంది. కాసేపు ఆ ఫోన్ జేబులో పెట్టు, రాజనర్సూ."

"పెట్టిన."

"చేతిలోనే ఉంది."

"పెడ్తున్న సార్. చెయ్యి ఇంటలేదు."

"పొద్దున ఏమైనా తిన్నావా?"

"నాలుగున్నరకే కారు తెస్తిరి, ఉత్తరం మీద ముద్ర కొరకు ఎనిమిదిన్నర దాక ఆఫీసు బయట కార్లనే ఉంటిమి. ఏం తింట? రూముల ముజఫ్ఫర్ అలీ ఉపవాసం ముందటి సెహ్రీ తినెతందుకు లేచి నన్ను లేపిండు గన్క సరిపాయె. లేకుంటె ఇంక పండుకునే ఉందు."

"వెనక సీట్లో కవరుంది చూడు. ఇడ్లీలు. మా ఆవిడ పెట్టింది. బయటికి కనపడకుండా కిందికి వంగి తిను, ఉపవాసాల రోజులు."

"మేడం గారికి మా అన్న సంగతి తెలుసా సార్?"

"భానుమతికి తెలియకుండా మా ఇంట్లోంచి కారు కదలదు. నీకు నాలుగు, ముత్యానికి ఆరు విడిగా కట్టింది. వాళ్ళన్నది వాళ్ళన్నకే ఇవ్వమని మరీ చెప్పింది."

"ఆరేం సరిపోతయి. పన్నెండు తింటడు మా అన్న."

"తిననీ. గేటు దాటాక నేరుగా అల్ వక్రా, మా ఇంటికే తీసుకెళ్దాం. వేడిగా వేసి పెడుతుంది."

"గట్లనే కావాలె సార్. మీ నోటి మాట నిజం గావాలె."

"అవుతుంది. ఉత్తరం నా సంచిలో ఉంది. ఇంతకీ నేను చెప్పింది ఆపావు కదా?"

"ఏది సార్?"

"ముత్యం హాజరు కార్డు. పంచ్ కొట్టడం ఆపమన్నాను కదా, సౌదీవాళ్ళు సరిహద్దు మూసిన రోజునే."

"చెప్పిన్రు."

"చెప్పానని నాకూ తెలుసు. ఆపావా?"

"ఆపుమన్నంక ఇంకేంది సార్. చట్నీల పల్లీలు ఏసిన్రు మేడం గారు, మంచిగున్నది."

"సరే, తిను."

"సార్, ఒక్క మాట. కోపం చెయ్యరు గద?"

"అడుగు."

"మా అన్న వీసా మీద ఏం రాసున్నది?"

"స్టీల్ ఫిక్సర్ అని."

"సలాకలు కట్టేటోడు ఒంటెల కాడికి ఎట్ల వోయిండు?"

"నీకు తెలియదా ఏమిటి?"

"తెలుసు. మీ నోటితోని ఇనాలనిపిస్తున్నది."

"విను. మన వీసాలిచ్చే యజమాని, కఫీల్, ఒకరోజు క్యాంపుకి వచ్చాడు. ఆయన వెనకొచ్చిన ట్రక్కులో ఒక ఒంటె కూలబడింది, లేవదు. డాక్టరు రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. కఫీల్ కళ్ళల్లో నీళ్ళు. అప్పుడే సైటు బస్సు దిగాడు మీ అన్న."

"పాదంల దిగిన ఇనుపముక్క తీసిండు. చెవుల ఏదో ముచ్చట చెప్పిండు. లేచింది. మేం గొర్ల కాడ పుట్టినోళ్ళం సార్. గొర్రైనా ఒంటైనా నొప్పి నొప్పే."

"ఆ సాయంత్రమే కఫీల్ నన్ను పిలిచి ఈ మనిషి నా ఒంటెల దగ్గర ఉండాలన్నాడు. ఇక్కడ మేత లేదు. అవతల సౌదీలో ఆయన బావమరిదికి బోలెడంత మేత భూమి. ఏళ్ళ తరబడి ఇక్కడివాళ్ళ ఒంటెలన్నీ అక్కడే మేస్తున్నాయి. అడ్డు చెప్పినవాడు లేడు."

"వీసా మార్చలేదు."

"మార్చాలంటే నెలలు పట్టేది. గేటు దగ్గర చూపే కాగితంలో ఒంటెలెన్నో రాశాం, కాపరులు ముగ్గురని రాశాం. పేర్లు రాయలేదు. కఫీల్ మొహం చూసి సలాం చేసి గేటెత్తేవాళ్ళు. అప్పట్లో అది సరిహద్దా అయ్యా? గడప. ఈ గదిలోంచి ఆ గదిలోకి."

"అన్నకు గూడ గదే చెప్పిన్రు. గడప దాటినంత సేపే అన్నరు."

"అన్నాను. అబద్ధం కాదు అప్పటికి."

"మనిషి ఎడారిల, హాజరు క్యాంపుల. కొన్ని దినాలే అని మా అన్న కార్డు నా చేతుల వెట్టిన్రు. ఇది గూడ నువ్వే కొట్టు అన్నరు. పొద్దుగాల రెండు పంచ్‌లు, పొద్దుమీకి రెండు పంచ్‌లు. రెండేండ్లు కావట్టె సార్ ఆ కొన్ని దినాలు."

"నేనే పెట్టాను, కాదనను. ముత్యం జీతం ఆగకూడదు, ఊరెళ్ళే చుట్టీ ఆగకూడదు అని పెట్టాను. మీ మంచికే."

"మంచికే. నేనేమన్ననా."

"అందుకే జాగ్రత్తగా విను. ఈ ఉత్తరంలో ఏం రాశానంటే, మా మనిషి ముత్యాన్ని జూన్ నాలుగున ఒంటెల్ని చూసి రమ్మని పంపాం, అయిదున సరిహద్దు మూశారు, అతను అవతల ఇరుక్కుపోయాడు, ఆ రోజు నుంచి క్యాంపులో లేడు, మా మనిషిని మాకు ఇవ్వండి. అంతే. నాలుగు దాకా పంచ్‌లు ఉన్నాయి, అయిదు నుంచి లేవు. ఉత్తరానికీ మిషన్‌కీ సరిపోతుంది. అయిదు తర్వాత ఒక్క పంచ్ కనపడినా ఈ ఉత్తరం చిత్తుకాగితం. కింద సంతకం నాది."

"అర్థమైంది సార్."

"ఆపావు కదా?"

"ఎన్నిసార్లు అడుగుతరు. మీరు చెప్పంగనే ఇన్న గద."

"సరే సరే."

"ఇంక పదకొండు రోజులైతే అన్నకు రెండేండ్లు నిండుతయి. ఒక్క నాగ లేకుంటె చుట్టీ, టికెట్. అంతే గద సార్ కాయిదా?"

"అదే. కానీ ఈ పదిహేను రోజుల నాగాల సంగతి నాకు వదిలెయ్యి. నేను చూసుకుంటాను."

"రాసిస్తరా?"

"నా మాట చాలదా?"

"పోయినేడు మా సైటు రాజన్నకు గూడ చూసుకుంట అన్నరు. జ్వరంల మూడు నాగలు వడ్డయి. చుట్టీ పాయె. బిడ్డ లగ్గం ఫోన్‌ల చూసిండు."

"అది నా చేతిలో లేకపోయింది. పైనున్న మేనేజరు, మన ముదీర్, కొట్టేశాడు."

"నాకెర్కనే సార్. మిమ్ముల అంటలేను. ఊకె యాదికచ్చింది."

"సీటు కింద నీళ్ళ సీసాలున్నాయి, వంగి తాగు."

"సార్, మీరు సదువుకున్నోళ్ళు. ఇది ఎందుకైంది?"

"ఏది?"

"గిదే. ఆఫీసుల ముంగట ఈ గల్ఫ్ దేశాల ఆరుగురు రాజుల ఫోటో ఉంటుండె. అందరివి తెల్ల బట్టలే, అందరు నవ్వుకుంటనే ఉందురు. మొన్న అచ్చినప్పుడు చూస్తె గోడ మీద నాలుగు మూలల మరక ఉన్నది గని ఫోటో లేదు."

"నేనే తీయించాను."

"మీరా?"

"ముదీర్ తీసేయమన్నాడు. బీరువా వెనక పెట్టించాను, పారేయలేదు. రేపు వాళ్ళు కలిస్తే మళ్ళీ తగిలించమంటాడు కదా."

"కలుస్తరా?"

"మూడేళ్ళ కింద ఇలాగే అయింది. ముగ్గురు తమ రాయబారుల్ని వెనక్కి పిలిపించుకున్నారు. ఎనిమిది నెలల్లో సర్దుకున్నారు. అప్పుడూ నేనే ఫోటో తీశాను, నేనే పెట్టాను."

"అప్పుడు గేటు మూసిన్రా?"

"లేదు."

"మరి గది వేరే, గిది వేరే."

"కువైట్ ఆయన పెద్దమనిషి తరహాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. చూద్దాం."

"అసలు ఎందుకు కలిసిన్రు సార్ ఆరుగురు?"

"భయానికి. ముప్పై అయిదేళ్ళ కిందటి మాట. పక్కన ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటున్నాయి. ఈ ఆరు దేశాలకీ చమురు ఉంది, మనుషులు లేరు. ఖతర్ మొత్తం ఎంత ఉంటుందనుకున్నావు? మీ పాత కరీంనగర్ జిల్లా అంత. ఒంటరిగా ఉంటే ఎవడైనా మింగేస్తాడు. కలిసి సంఘం కట్టుకున్నారు. నేను వచ్చిన కొత్తలో, పీపా వంద డాలర్లు దాటిన రోజుల్లో, ఈ ఆరుగురూ ఒక మాట అంటే లండన్‌లో, వాషింగ్టన్‌లో కుర్చీ ముందుకు జరుపుకొని వినేవాళ్ళు. యుద్ధం ఆపమంటే ఆపాలా, చమురు తగ్గిస్తామంటే ఎలా అని. మనలాంటి వాళ్ళం దాని నీడన బతికాం. ఈ దేశంలో పని తగ్గితే ఆ దేశంలో పని. వీళ్ళు విడిపోతారని నేను కలలో కూడా అనుకోలేదు."

"మందల ఉన్నంత సేపే గొర్రెకు ఇలువ సార్. తోడేలు మంద సుట్టు తిరుగుతది గని మీదికి రాదు. ఒక్కటి ఇడివడ్డదనుకో, తోడేలుకు పని అల్కగైతది."

"ఇక్కడ తోడేలు ఎవరంటావు?"

"నాకేమెర్క. గని మందను ఇడగొట్టేది కాపరి మాత్రం కాదు."

"మీ వదినకి చెప్పావా?"

"గౌరవ్వ వదినెకా? ఎట్ల చెప్పాలె సార్. ఆమెకు అంత దుబాయే. అన్న దుబాయ్‌ల ఉన్నడు, నేను దుబాయ్‌ల ఉన్న. నిన్న ఫోన్‌ల అంటున్నది, దుబాయ్‌ల ఉన్నోడు దుబాయ్‌కి అచ్చెతందుకు నడుమ గేటేంది మరిదీ అని."

"ఏం చెప్పావు?"

"అన్నదమ్ముల పాలోళ్ళకు పంచాయితి వడ్డది, నడుమ దడి కట్టిన్రు అని చెప్పిన. పాలోళ్ళ పంచాయితిల పాలేరును ఎవరు ఆపుతరు, ఇద్దరి పశువులు కాసేది ఆయనే గద అన్నది."

"ఆమె అన్నది నిజమే. మొన్నటిదాకా ఈ రాజులూ ఆమెలాగే అనుకున్నారు."

"సార్, అదేంది? దారి పక్కకు."

"ఎక్కడ?"

"ఆ కుప్పలు. మట్టి కుప్పల లెక్క. ఒకటి, రెండు... సార్, అవి ఒంటెలు."

"అటు చూడకు."

"కాళ్ళు మడిచి పండుకున్నయనుకున్న. మడిచినట్టు లేవు."

"నిన్న దాటినవి అయ్యుంటాయి. నిన్నటితో సౌదీవాళ్ళిచ్చిన గడువు అయిపోయింది. ఖతర్ వాళ్ళ పశువులు ఒక్కటి ఉండకూడదన్నారట. వేలకు వేలు ఒక్కసారి తోలారు. నీళ్ళు లేక, నీడ లేక. అటు చూడకన్నానా?"

"చూస్తలేను. అన్న కంటికి ఇవి వడొద్దు. ఏడుస్తడు."

"కిటికీ తెర వెయ్యి. వచ్చేశాం. అదిగో గేటు. కఫీల్ బండి కూడా ఉంది."

"సార్, ఫోన్. అన్న చేస్తున్నడు."

"ఎత్తు. స్పీకర్ పెట్టు."

"అన్నా, ఏడున్నవే?"

"మెల్లగ మాట్లాడు తమ్మీ, చెవు పగులుతున్నది. రెండు గేట్ల నడుమ ఉన్న."

"నడుమ అంటె?"

"నడుమ అంటె నడుమనే. పొద్దుగాల అటోళ్ళు మమ్ముల ఒంటెల తోని బయటికి తోలి గేటేసిన్రు. ఇటోళ్ళు ఒంటెలను తీసుకున్నరు. మెడ మీద కఫీల్ ముద్ర చూసుడు, లెక్కవెట్టుడు, పో అనుడు. ముప్పై ఎనిమిది పోయినయి. నా తోటి సూడానోళ్ళిద్దరు గూడ పోయిన్రు, ఆళ్ళవి కాపరి వీసాలు. నన్ను ఆపిన్రు. నా మెడ మీద ముద్ర లేదాయె."

"నవ్వుతున్నవా అన్నా?"

"ఏడిస్తే నీళ్ళు పోతయి. సీసల సగమే ఉన్నయి. రాములవ్వ అచ్చిందా ఆడికి?"

"చూడలె. ట్రక్కులల్ల ఎక్కిస్తున్నరు."

"రాములవ్వ ఎవరు రాజనర్సూ? ఆడవాళ్ళు కూడా ఉన్నారా అక్కడ?"

"ఒంటె సార్. మా అన్న అత్త పేరు పెట్టుకున్నడు. మాటకు ముందు ఉమ్ముతదట."

"సార్ ఉన్నడా తమ్మీ? నమస్తే సార్. దానికి ముందటి కాలు వట్టింది. ట్రక్కుల నిలవెట్టొద్దని కఫీల్‌కు చెప్పుండ్రి. కూసుండవెట్టి కట్టాలె."

"చెప్తాను ముత్యం. నీ సంగతి చెప్పు. నీడ ఉందా?"

"కంచె స్తంభం ఒకటున్నది. దాని నీడ ఎటు తిరిగితె నేను అటు తిరుగుతున్న. నా అంత సన్నగున్నది అది గూడ. పన్నెండైతె అదీ పోతది."

"అంతవరకూ రాదు. ఉత్తరం తెచ్చాను. ఒక్క గంట ఓపిక పట్టు."

"పడ్త సార్. మీరు గడపే గద అన్నరు ఆ దినం. గడప మీదనే కూసున్న. మా అమ్మ ఉంటే తిట్టు, గడప మీద కూసుంటె కీడని."

"అన్నా, మేడం గారు నీకు ఇడ్లీలు కట్టిచ్చిన్రు. ఆరు."

"ఆరేం సరిపోతయిరా. నువ్వు తినకు మల్ల. పెడ్తున్న, రెండు గీతలే ఉన్నయి ఛార్జింగు."

"అన్నా... పెట్టేసిండు."

"విన్నావుగా, ధైర్యంగానే ఉన్నాడు."

"మా అన్న భయపడ్డప్పుడే నవ్వుతడు సార్."

"ఉండు. ఆ అరబ్బీ కుర్రాడు చెయ్యూపుతున్నాడు, లోపలికి పిలుస్తున్నట్టున్నారు. నువ్వు కారు దిగకు. ఏసీ ఆపకు."

"సార్, ఆళ్ళు ఏమడుగుతరు?"

"ఉత్తరం చూస్తారు. ముత్యం మా మనిషేనా అంటారు. అవునంటాను. ముద్ర కొడతారు. అంతే."

"ఇంకేం అడుగరా?"

"ఇంకేం అడుగుతారు?"

"ఊకె అడిగిన సార్. పోయిరండ్రి."

గంటంపావు గడిచింది. కారు తలుపు తెరుచుకుంది.

"ఏమన్నరు సార్?"

"తలుపు వెయ్యనీ."

"పదకొండు దాటింది. స్తంభం నీడ ఇంతే మిగిలి ఉంటది. ఏమన్నరు?"

"ఆఫీసరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. ఉపవాసం, నీళ్ళు ఇవ్వలేకపోతున్నాను ఏమనుకోకండి అన్నాడు. ఉత్తరం చదివాడు. రెండుసార్లు చదివాడు."

"ముద్ర కొట్టిండా?"

"చేతిలోకి తీసుకున్నాడు."

"కొట్టిండా సార్?"

"చెప్పనీ రాజనర్సూ. ఆరు నెలల కిందట అయితే ఈ ఉత్తరం కూడా చదివేవాణ్ణి కాదు అన్నాడు. ఇప్పుడు అవతల నుంచి ఎవణ్ణి మన మీదికి పంపుతున్నారో తెలియదు, ప్రతి మనిషినీ అడిగి తెలుసుకోమని పైనుంచి మాట వచ్చింది అన్నాడు. తప్పేముంది, అడగండి అన్నాను. నిజంగానే అన్నాను. ఉత్తరం మీద ఉన్న క్యాంపు నంబరుకి ఫోన్ చేశాడు. నా ముందే, స్పీకర్ పెట్టి."

"క్యాంప్‌ల ఎవలెత్తిన్రు?"

"కమాలుద్దీన్. టైమ్ కీపర్."

"కమాలుద్దీన్‌కు మీరు చెప్పిపెట్టలేదా?"

"ఏం చెప్పిపెట్టాలి? మిషన్‌లో ఉన్నది చదువుతాడు, అయిదు నుంచి ఖాళీ అని చెప్తాడు, అదే మనకి సాక్ష్యం అనుకున్నాను. పిలిచి అబద్ధం నేర్పితేనే కదా అనుమానం."

"ఏం చదివిండు?"

"ఎంత గర్వంగా చెప్పాడో. పెద్ద ఆఫీసరు ఫోన్ చేశాడని. ముత్యం చాలా మంచి వర్కర్ సార్, రెండేళ్ళలో ఒక్క నాగా లేదు సార్ అన్నాడు. నిన్న డ్యూటీకి వచ్చాడు, మొన్న వచ్చాడు అన్నాడు. ఇవాళ అని అడిగాడు ఆయన. ఇవాళ కూడా ప్రెజెంట్, పొద్దున అయిదూ పదికి పంచ్, ఇప్పుడు సైట్లో ఉన్నాడు అన్నాడు."

"గదానికి ఆఫీసరు ఏమన్నడు?"

"ఆయన ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. కోప్పడలేదు. కోప్పడితే బావుండేది. మీ ముత్యం దోహాలో సలాకలు కడుతున్నాడు, మరి ఈ గేటు ముందు కూర్చున్నవాడు ఎవరు అన్నాడు."

"ముత్యమే అని చెప్పకపోయిన్రా."

"చెప్పాను. ముత్యమే అయితే ఈ ఉత్తరం దొంగది అన్నాడు. ఉత్తరం నిజమైతే ఆ మనిషి దొంగవాడు అన్నాడు. రెంటిలో ఏదో మీరే తేల్చుకొని చెప్పండి, నమాజుకి గేటు మూస్తాను, మళ్ళీ రేపే అన్నాడు."

"రేపటి దాక... కఫీల్ ఏడి సార్? కఫీల్‌ను చెప్పుమనుండ్రి. ఆయన మాట ఇంటరు."

"కఫీల్ వెళ్ళిపోయాడు."

"ఎప్పుడు?"

"నేను లోపలున్నప్పుడే. ఒంటెలు ఒకటొకటే కూలుతున్నాయట, డాక్టరు దగ్గరికి ట్రక్కుల వెంట వెళ్ళాడు. మనిషిని వదలను అని నాతో చెప్పిన మాట నిజం. ఒంటెల్ని చూసేసరికి మర్చిపోయాడో ఏమో. ఫోన్ ఎత్తట్లేదు."

"రాములవ్వ?"

"తెలియదయ్యా."

"ఇడ్లీలు గిట్ల కంచె మీదికెల్లి ఇసిరేస్త సార్. నీళ్ళ సీస గూడ. నన్ను దిగనియ్యిండ్రి."

"దిగకు. కాలుస్తారు. కూర్చో. నా మాట విను. ఒక దారి ఉంది."

"చెప్పుండ్రి."

"మిషన్ తప్పు అని చెప్తాను. కరెంటు పోయింది, పాత డేటా చూపిస్తోంది, ఏదో ఒకటి. ఇప్పుడే కమాలుద్దీన్‌కి ఫోన్ చేసి మిషన్ ఆపించి, మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్తాను. పద్నాలుగు రోజులవి నువ్వే కొట్టావనుకుందాం. కొట్టావు కదా?"

"స్తంభం నీడ పోతున్నది సార్."

"సరే. తర్వాత తేలుద్దాం. నిన్నటి దాకా కొట్టావు. కానీ ఇవాళ్టిది నువ్వు కొట్టలేదు, కొట్టలేవు. నాలుగున్నరకే నా కారులో ఉన్నావు. అయిదుకి గానీ మిషన్ గది తలుపు తెరవరు. దానికి నేనే సాక్షి. మనిషి లేకుండానే పంచ్ పడిందంటే తప్పు మిషన్‌దే. ఇదొక్కటే ఆయన నమ్మేది. ఒట్టేసి చెప్పగలను ఆయన ముందు."

"ఫోన్ మోగుతున్నది సార్. అన్న."

"ఎత్తకు. ముందు అవునను. ఇవాళ్టి పంచ్ మిషన్ తప్పే కదా?"

"ఒకటే గీత ఉంటది ఛార్జింగు."

"రాజనర్సూ, ఇటు చూడు. ఆ కార్డు నీ జేబులోనే ఉంది కదా? తీసి చూపించు. అదే పట్టుకెళ్తాను లోపలికి."

"నా కార్డున్నది సార్ జేబుల. ఇయ్యాల నాకు నాగ వడితె వడనీ అనుకున్న. పదకొండు రోజులే ఉన్నయి గద, అన్న పంచ్ మాత్రం తప్పొద్దని ఆయన కార్డు ముజఫ్ఫర్ అలీ చేతుల వెట్టి అచ్చిన."